“గుడికెళ్లావా నాన్నా?” అని అమ్మ అడిగితే

ప్రశ్న: అమ్మా, నాకు 33 ఏళ్లు. మాది ఒంగోలు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి బాప్టిస్టు క్రైస్తవులం, చర్చిని గుడి అనే అంటాం. అమ్మ పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లి మమ్మల్ని చదివించింది. 2017 నుంచి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, మియాపూర్‌లో ఉంటాను. 2021 నుంచి చర్చికి వెళ్లడం లేదు. అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ప్రతి ఆదివారం తను గుడి నుంచి రాగానే, ఒంటి గంటకు, ఫోన్ చేస్తుంది. “గుడికెళ్లావా నాన్నా?” అంటుంది. “వెళ్లానమ్మా” అంటాను. “వాక్యం దేని మీద చెప్పారు?” అని అడుగుతుందని, యూట్యూబ్‌లో ఏదో ఒక ప్రసంగం రెండు నిమిషాలు చూసి పెట్టుకుంటాను. ఈ మధ్య శనివారం రాత్రి నుంచే టెన్షన్ మొదలవుతోంది.

వెళ్లకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. నాది నైట్ షిఫ్టు, ఆదివారం ఒక్కరోజే సరిగ్గా నిద్ర. ఇక్కడ మూడు చర్చిలు మారాను. ఒకటి మరీ పెద్దది. ఏడాది వెళ్లినా పక్కన కూర్చున్నాయన పేరు తెలియలేదు. ఇంకోదాంట్లో ప్రసంగం ఎక్కడ మొదలైనా దశమభాగం, అంటే సంపాదనలో పదోవంతు ఇవ్వడం దగ్గరికే వచ్చేది, స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్ పడేది. మూడోది చిన్నది. బాగుందనుకునేలోపు ఒకాయన “మీరు ఏ వాళ్లు?” అని అడిగాడు. చెప్పాక మళ్లీ పలకరించలేదు. 2021 మేలో కోవిడ్‌తో నాన్న పోయారు. మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. సంఘం కుర్రాళ్లు నలుగురు కిట్లు వేసుకుని పూడ్చిపెట్టారు. తర్వాత జ్ఞాపకార్థ కూడికలో పాస్టర్ గారు, విశ్వాసం బలంగా ఉన్న ఇళ్లను తెగులు ముట్టలేదు అన్నారు. అది వేరే సంగతి.

దేవుడు లేడని నేను అనను. ఉన్నాడని గట్టిగా చెప్పలేను కూడా. అమ్మకు నిజం చెప్పాలా? తట్టుకుంటుందా? చర్చికి వెళ్లకపోతే క్రైస్తవుణ్ణి కాకుండా పోతానా? — పేరు వద్దు.

జవాబు: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిద్ర గురించి రాశారు, క్యూఆర్ కోడ్ గురించి రాశారు, కులం అడిగినాయన గురించి రాశారు. నాన్నగారి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి, చివర “అది వేరే సంగతి” అని పక్కన పెట్టేశారు. మీరు రాసిన తేదీలే చూడండి. 2017 నుంచి 2021 దాకా అదే ఉద్యోగం, అవే చర్చిలు. గొణుక్కుంటూ అయినా వెళ్లారు. మానేసింది నాన్నగారు పోయాకే. కాబట్టి ముందు ఆ వేరే సంగతే మాట్లాడుకుందాం.

కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలో 91వ కీర్తన తెగ చదివాం. వాట్సాప్‌లో పంపుకున్నాం, గుమ్మాల మీద అంటించుకున్నాం. ఏ తెగులూ నీ గుడారం దగ్గరికి రాదనే మాట అందులోదే. భయపడుతున్న మనిషి ఆ మాటను పట్టుకుంటే తప్పేముంది? నేనూ పట్టుకున్నాను. కానీ అదే మాటను తీసుకెళ్లి తెగులొచ్చిన ఇంటి మీద వెయ్యకూడదు. మత్తయి సువార్త 4వ అధ్యాయం తీసి చూడండి. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు నిన్ను ఎత్తి పట్టుకుంటారని సాతాను యేసుకు వినిపించిన వాక్యం ఎక్కడిదనుకున్నారు? అదే 91వ కీర్తనలోది. మీ పాస్టర్ గారు ఆ అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు చేసి ఉంటారో. ఆ రోజు మాత్రం గుర్తు రాలేదు. ఆ రెండో వేవ్‌లో పాస్టర్లు కూడా పోయారు కదా, మరి వాళ్ల విశ్వాసం సంగతేమిటి? ఆయనన్నది తప్పు. కొత్తగా భర్త పోయిన మనిషిని ముందు కూర్చోబెట్టుకుని అనడం మరీ తప్పు. మీ కోపంలో న్యాయం ఉంది.

అయితే అదే చోట మీరు ఇంకో మాట కూడా రాశారు. సంఘం కుర్రాళ్లు నలుగురు పూడ్చిపెట్టారని. ఆ రోజులు మీకు గుర్తున్నాయి కదా. చాలాచోట్ల సొంత అన్నదమ్ములే శవం దగ్గరికి రాలేదు. ఈ నలుగురికి మీ ఇంటితో పెద్ద చుట్టరికం కూడా లేదనుకుంటాను. వాళ్లను ఇంట్లోంచి బయటికి పంపిన తల్లులున్నారు. మీ అమ్మగారు ఆదివారం చాప మీద ఎవరి పక్కన కూర్చుంటారో ఎప్పుడైనా అడిగారా? ఆ తల్లుల పక్కనే అయ్యుంటుందని నా ఊహ.

పాస్టర్ గారి మాట మీ అమ్మగారూ విన్నారు. మీకంటే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది. విన్నా కూడా, తర్వాత ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలూ పాటల పుస్తకమూ సంచిలో పెట్టుకుని వెళ్లారు. మీరు మానేశారు. ఒకే మాట విని ఒకరు మానేశారు, ఒకరు వెళ్లారు. మీరు తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది, యూట్యూబ్‌లో లేదు.

నా సంగతి చెప్తాను. మా నాన్న బడిపంతులు. 1998లో పోయారు. రిటైరయ్యాక ఓ రెండేళ్లు సంఘానికి చందా కట్టలేదు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే సంఘపెద్ద ఒకాయన చందా పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. బాకీ 480 రూపాయలు. అది కడితేనే సమాధుల తోటలో చోటు, గంట కొట్టడం. మా అన్న లోపలికెళ్లి డబ్బు తెచ్చి ఇచ్చాడు. రసీదు కూడా రాసిచ్చాడు మహానుభావుడు. ఆ రసీదు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ గుడి గడప తొక్కనని ఆ రోజే అనుకున్నాను, పదకొండేళ్లు తొక్కలేదు. మా అమ్మ మాత్రం మూడో ఆదివారానికే బయల్దేరింది. “సిగ్గు లేదా అమ్మా నీకు?” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు నాకు సిగ్గు. అమ్మ చెప్పులు వేసుకుంటూ, “ఆ గోడలకి రాళ్లు మోసింది మా తాత. ఈయన నిన్న గాక మొన్న పెద్దయ్యాడు. ఈయన మీద అలిగి నేను మానుకుంటే గుడి ఈయనదైపోద్ది” అని వెళ్లిపోయింది.

నేనిప్పుడు నెలలో మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం రోజు వెళ్తాను. వెనక బెంచీలో ఫ్యాను కింద కూర్చుంటాను. మిగతా ఆదివారాలు ఎందుకు రాలేదని అడిగితే మోకాళ్ల నొప్పులంటాను. అబద్ధమాడేది మీరొక్కరే కాదు లెండి.

మీది ఒంగోలు ప్రాంతం కాబట్టి ఒక పాత సంగతి మీకు సగమైనా తెలిసే ఉంటుంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలో కలుస్తున్నారనే మాట రాకూడదని, కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె మన ప్రసంగాల్లో చాలాసార్లు వినపడుతుంది. వినపడనిది ఇంకోటుంది. సంఘంలో చేరే మాదిగలకు ఆయన పెట్టిన మూడు నియమాలు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడింట్లో మొదటిది చూడండి. కుప్పనూర్పుల రోజుల్లో పాలేరు వచ్చి “ఇవాళ ఆదివారం, నేను రాను” అంటే ఆసామి ఊరుకుంటాడా? బొంబాయి మిల్లు కార్మికులకు నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాటంతో ఆదివారం సెలవు దొరికింది 1890లో. దానికి పన్నెండేళ్ల ముందే మన పల్లెల్లో, వెట్టి చేసే మనుషులు వారంలో ఒకరోజు మాది అనగలిగారు. గుడికి వెళ్లడమంటే ముందు ఆ రోజు ఎవరి పొలానికీ వెళ్లకపోవడం.

మీ అమ్మగారు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లేవారన్నారు. ఆ పని చేసినవాళ్లను నేను దగ్గరగా చూశాను. ఘాటుకు కళ్లు మండుతాయి, తలనొప్పి, ఎంత కడిగినా చేతుల జిగురు పోదు, అన్నం చేదుగా ఉంటుంది. ఆరు రోజులు ఆ దుమ్ములో కూర్చున్న మనిషికి ఏడో రోజు తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నలుగురిలో కూర్చుని పాట పాడే రెండు గంటలు ఎలా ఉంటాయో ఆలోచించండి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లను అడిగినా ఇలాంటి మాటే చెప్తారు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి తెలుగు ఆరాధన శుక్రవారం జరుగుతుంది. ఊళ్లో ఉన్నప్పుడు క్రిస్మస్‌కి తప్ప గుడి మొహం చూడనివాళ్లు కూడా, తెలుగులో నాలుగు మాటలు వినడానికి, యజమాని గడప దాటడానికి అక్కడికి చేరతారు. వాళ్ల భక్తి ఎంత, బయటపడాలనే ఆరాటం ఎంత అని తూకం వేసే పని నాది కాదు.

మీకేమో ఆదివారం సెలవు కంపెనీయే ఇచ్చింది. గుడి ఇచ్చిన సెలవు మీకు అక్కర్లేదు. మీకు లేనిది నిద్ర, ఆ తర్వాత పేరు పెట్టి పలకరించే మనిషి. ఆ పెద్ద చర్చి ఈ రెండూ ఇవ్వలేదు, అందుకే అది మిమ్మల్ని పట్టి ఉంచలేకపోయింది. ఇందులో మీ తప్పు నాకు కనపడలేదు. పెద్ద చర్చిలను తిట్టను కూడా. ఊళ్లో నలుగురి కళ్లూ తప్పించుకుని ఎవరికీ తెలియకుండా కూర్చుని ఏడవడానికి అక్కడికి వెళ్లేవాళ్లున్నారు. విడాకులైన ఆడపిల్లలకు మన చిన్న సంఘాల్లో జరిగే ఇంటరాగేషన్ అక్కడ ఉండదు.

“మీరు ఏ వాళ్లు?” అన్నాయన దగ్గరికి వద్దాం. మాల గుడి, మాదిగ గుడి వేర్వేరుగా ఉన్న ఊళ్లు మనకు కొత్త కాదు. రెడ్డి, కమ్మ క్రైస్తవులు పెళ్లి సంబంధానికి ఎవర్ని వెతుక్కుంటారో కూడా కొత్త కాదు. మిషన్లు ఒక్కోచోట ఒక్కో కులం మధ్య పనిచేశాయి, ఆ గీతలు అలాగే ఉండిపోయాయి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో పౌలు తిట్టింది ఇలాంటివాళ్లనే. ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తెక్కి ఉన్నాడని. ఆ కులం అడిగినాయన మళ్లీ కనపడితే, మీది ఏ పత్రికో, ఏ అధ్యాయమో చెప్పమనండి. ఇది సరదాకి అన్నాను, నిజంగా అనకండి.

కులం మాట వచ్చింది కాబట్టి, గుడికి రాకపోవడానికి గట్టిగా ఎవరూ చెప్పని ఇంకో కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకు మన రాష్ట్రాల్లో దక్కేది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసు ఒకదానిలో, క్రమం తప్పకుండా చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం కుదరదంది. మతం మారినవాడి కులాన్ని ఊరు మర్చిపోదు, రిజిస్టరు మాత్రం మర్చిపోతుంది. అందుకే సంఘం రిజిస్టర్లో పేరు రాయించుకోకుండా వెనక నిలబడి వెళ్లిపోయే కుర్రాళ్లను నేను చూశాను. మీ సర్టిఫికెట్‌లో ఏముందో నేను అడగను. మీ కారణం అది కాదని మాత్రం తెలుస్తూనే ఉంది.

ఇక మీ ప్రశ్న: వెళ్లకపోతే క్రైస్తవుణ్ణి కాకుండా పోతానా? వెళ్లనివాళ్ల మీదికి మనవాళ్లు వెంటనే తీసే వచనం హెబ్రీయులకు రాసిన పత్రిక 10:25. సమాజంగా కూడడం మానొద్దని. ఆ వచనంలో “కొందరు మానుకొనుచున్నట్టుగా” అనే ముక్క ఉంది చూశారా? అంటే మొదటి శతాబ్దంలోనే డుమ్మా కొట్టేవాళ్లున్నారు. వాళ్లను క్రైస్తవులు కారని ఆ రాసినాయన అనలేదు. ఒకరినొకరు చూసుకోండి, ప్రేమకూ మంచి పనులకూ పురికొల్పుకోండి అన్నాడు. ఆ లెక్కన కోవిడ్‌లో గొయ్యి తీసిన నలుగురూ ఆ వచనాన్ని అందరికంటే బాగా పాటించారు. నా మటుకు నేను, గుడికి వెళ్లకపోయినా మనిషి దేవుడితో ఉండొచ్చనే నమ్ముతాను. ఒంటరిగా అది ఎక్కువ కాలం నిలవడం కష్టమని కూడా నమ్ముతాను. పదకొండేళ్లు ప్రయత్నించి చెప్తున్నాను. ఉన్నాడో లేడో తేల్చుకోలేకపోవడం ఏమీ నేరం కాదు. మన ముందు బెంచీల్లో కూర్చునేవాళ్లలోనూ ఆ బాపతు ఉన్నారు, చెప్పరంతే.

అమ్మగారికి నిజం చెప్పాలా అంటే, చెప్పండి. ఫోన్‌లో వద్దు, ఆదివారం ఒంటి గంటకు అసలే వద్దు. ఒక శుక్రవారం రాత్రి బయల్దేరి వెళ్లండి. శనివారం సాయంత్రం, అన్నం తిన్నాక, పక్కింటివాళ్లు లేనప్పుడు చెప్పండి. “అమ్మా, నాన్న పోయాక నేను గుడికి వెళ్లట్లేదు. వెళ్తున్నానని నీకు అబద్ధం చెప్పాను” — ఇంతే. క్యూఆర్ కోడ్, నైట్ షిఫ్టు తియ్యకండి. తీశారా, ఆమె ఒక్కోదానికీ జవాబు చెప్తారు, మీరు ఎదురు చెప్తారు, తెల్లారిపోతుంది. ఆ తర్వాత ఒకే ఒక ప్రశ్న అడగండి: “పాస్టర్ గారు ఆ మాట అన్నాక నువ్వు మళ్లీ ఎలా వెళ్లగలిగావమ్మా?” అడిగి ఊరుకోండి. నా ఊహలు ఇక్కడ మీకు పనికిరావు. ఆమె చెప్పేది మీరు ఈ ఐదేళ్లలో విన్న ఏ ప్రసంగం కంటే మీకు దగ్గరగా ఉంటుంది.

తట్టుకుంటారా అంటే, భర్తను దూరం నుంచి సాగనంపిన మనిషి దీన్ని తట్టుకుంటారు. ఏడుస్తారు. ఉపవాసముంటారు. స్త్రీల సమాజంలో మీ పేరు పెట్టి ప్రార్థన చేయిస్తారు, ఊరంతటికీ తెలుస్తుంది. అది భరించాలి, తప్పదు. ఇంకో మాట. ప్రతి వారం “వాక్యం దేని మీద?” అని అడుగుతున్నారంటే, ఆమెకు ఎప్పుడో అనుమానం వచ్చేసింది.

మర్నాడు ఉదయం ఆమెతో వెళ్లాలనిపిస్తే వెళ్లండి. అనిపించకపోతే బండి మీద గేటు దాకా దింపి, ఆరాధన అయ్యాక వెళ్లి ఎక్కించుకు రండి. “ఇకనుంచి వస్తానులే అమ్మా” అని మాత్రం మాట ఇవ్వకండి. హైదరాబాద్ వచ్చాక కూడా బలవంతంగా ఎక్కడికీ వెళ్లొద్దు. ఎప్పుడైనా మనసైతే, సాయంత్రం ఆరాధన ఉన్నచోటు చూసుకోండి, నిద్ర పాడవదు. రెండు వారాలు కనపడకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి “ఏమయ్యా, ఒంట్లో బాగోలేదా?” అని అడిగేంత చిన్నదై ఉంటే మరీ మంచిది.

నాన్నగారి సమాధి కట్టించారో లేదో మీరు రాయలేదు. ఆ హడావుడిలో పూడ్చిన వాటికి చాలావాటికి పేరు కూడా లేదు. ఈస్టర్ తెల్లవారుజామున మనవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకు వెళ్తారు కదా, ఆ రోజు లోపల ఏ కూడికలోనూ కూర్చోనక్కర్లేదు, అమ్మ పక్కన నిలబడితే చాలు. సున్నం వేసే మనిషి ఈస్టర్ ముందు వారం దొరకడు, ఊరంతా అప్పుడే వేయిస్తారు. కాస్త ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆ నలుగురు కుర్రాళ్లలో ఒకరి నంబరు అమ్మగారి దగ్గర ఉంటుంది, ముందు అతనికి ఫోన్ చెయ్యండి. గొయ్యి ఎక్కడ తీశారో సరిగ్గా తెలిసింది వాళ్లకే.